పాలికి వచ్చిన పెట్ట

కనుమనాడు మా ఇంట్లో కోడి కూర వడ్డించేటప్పుడు ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "ఇవి గోదావరి కోళ్ళురా, మీ తాతతో పాటు వచ్చినవి." మేమూ మా పిల్లలకు అదే చెప్పాం. ఈమధ్య పెద్దత్తను కూర్చోబెట్టి అడిగితే ఆ కథ సగమే నిజమని తేలింది. మిగతా సగం ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందు ఊరి సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. బళ్ళారి, సిరుగుప్ప, హొసపేటె మైసూరులో కలిశాయి. అదే ఏడాది తుంగభద్ర కాలవల్లోకి నీళ్ళు వదిలారు. జొన్న, పత్తి పండే నల్లరేగడికి నీళ్ళొచ్చాయని విని కోస్తా రైతులు అక్కడున్న కొద్ది పొలం అమ్ముకుని ఇక్కడ ఎక్కువ పొలం కొన్నారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోట్లే క్యాంపులయ్యాయి. మా తాత సిరుగుప్ప వైపు వచ్చిందీ అలాగే.

నాయనమ్మ గంపలో అయిదు పెట్టల్ని, ఒక డేగ పుంజుని తెచ్చిన మాట నిజం. కానీ రెండో ఎండాకాలంలో కొక్కెర తెగులు తగిలింది. పచ్చగా పారుకోవడం, మెడలు మెలి తిరగడం, నాలుగు రోజుల్లో గూడు ఖాళీ. టీకా అనే మాట అప్పటికి మా క్యాంపులో ఎవరికీ తెలీదు. తాతకేమో పొలం అప్పు. ఉప్పు, కిరసనాయిలు, అత్త పలక అన్నీ గుడ్ల డబ్బులతోనే వచ్చేవి. నాయనమ్మ ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టుకునే డబ్బు అదొక్కటే. కోళ్ళతో పాటు అదీ పోయింది.

అప్పుడు ఊళ్ళో ఒక కన్నడ అవ్వ తన పెట్టను పాలికి ఇచ్చింది. పెట్ట ఆమెది, మేపు మనది, పిల్లల్లో చెరిసగం. ఒకరి భాష ఒకరికి రాదు. 'పాలు' అన్న మాట మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి బేరం కుదిరింది. 13 గుడ్లు పెడితే 21 రోజులకు 11 పిల్లలు లేచాయి. అయిదూ అయిదూ పంచుకున్నాక మిగిలినదాన్ని అవ్వ "పాపకి" అని అత్త చేతిలో పెట్టిందట.

ఇప్పుడు మా పెరట్లో తిరిగేవి ఆ పెట్ట సంతతే. ఇక్కడివాళ్ళు జవారి కోళి అంటారు. ఈ నేలకు కోళ్ళు మనం తేలేదు. 1520 ప్రాంతంలో హంపి చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెష్, నగరంలో ఒక చిన్న నాణేనికి మూడు కోళ్ళు, నగరం బయటైతే నాలుగు ఇస్తారని రాసుకున్నాడు. మా గంప రావడానికి 400 ఏళ్ళ ముందు మాట అది.

సాక్ష్యం మా నోట్లోనే ఉంది. మేము పెట్టను 'పొదగేశాం' అనం, 'కావుకు కూర్చోబెట్టాం' అంటాం. కావు కన్నడ మాట. కన్నడ మీడియంలో చదివిన మాకు, కోస్తా చుట్టాలు నవ్వేదాకా అది తెలుగు కాదని తెలీలేదు. వాళ్ళ హుంజ, మన పుంజు ఒకటేనన్నది మాత్రం చిన్నప్పుడే అర్థమైంది.

1990ల్లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ గిరిరాజ పిల్లల్ని తెచ్చి పెంచాం. బరువూ ఎక్కువే, గుడ్లూ ఎక్కువే. కానీ ఒక్కటీ కావుకు కూర్చోలేదు. గద్ద నీడ పడితే జవారి పెట్ట కేక వేసి పిల్లల్ని రెక్కల కింద దాస్తుంది. ఇవి ఊరికే చూస్తూ నిలబడేవి. చివరికి వాటి గుడ్లు కూడా జవారి పెట్ట కిందే పెట్టాం. ఇప్పుడు మాత్రం వారం దాటకుండా పిల్లల కంట్లో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది తప్పకుండా వేయిస్తున్నాం. నాయనమ్మ ఖాళీ గూడు మళ్ళీ చూడకూడదని.

ఇక కనుమకు పిల్లలు అడిగితే గోదావరి కోళ్ళని చెప్పం. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని 'ఆంధ్రదోరు' అంటుంటే మేమూ అన్నీ అక్కడినుంచే తెచ్చుకున్నామని చెప్పుకుంటూ వచ్చాం. అవ్వ పేరు అత్తకు కూడా గుర్తు లేదు. అదే మాకు సిగ్గుగా ఉంది. గంగావతి, సింధనూరు క్యాంపుల్లో ఉన్న మనవాళ్ళు మీ ఇంటి పెద్ద ఆడవాళ్ళను ఇప్పుడే అడగండి: మొదటి పెట్టను ఎవరిచ్చారని. ఆ పేరు రాసి పెట్టుకోండి.