ఇరవై ఒకటో రోజు

2025 మార్చి 28, శుక్రవారం. తెల్లవారుజాము నాలుగు గంటలు. జమ్మలమడుగులో సహరీకి లేవమని మసీదు మైకు పిలుస్తోంది. అదే వేళకు మరో వీధిలో చర్చి తలుపులు తెరుచుకుంటున్నాయి. చెప్పులు బయట విడిచి లోపలికి రండి. మార్చి 5న, భస్మ బుధవారం నాడు, ఇక్కడ కూర్చోవడానికి చాపలు చాలలేదు. ఈరోజు రెండే పరిచారు. వాటిలోనూ చోటు మిగిలింది.

ఆదివారాలను లెక్కలోంచి తీసేస్తే శ్రమకాలపు నలభై రోజుల్లో ఇది ఇరవై ఒకటోది. మొదటి వారంలో ఉన్న ఊపు తగ్గింది. ఈస్టరు చూస్తే ఏప్రిల్ 20న. శ్రమకాలంలో మనిషికి అసలు పరీక్ష ఈ నడిమి రోజుల్లోనే.

గోడకు ఆనుకుని ఒక పెద్దమ్మ కూర్చుంది. ఒళ్లో చిన్న గుడ్డసంచి. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. లండన్ మిషన్ వాళ్ల నాటి క్యాంబెల్ ఆసుపత్రి ఉన్న ఊరిది. రోగుల వెంట వచ్చి, వండుకునే దిక్కు లేనివాళ్లకు ఆ బియ్యం ఇస్తుంది. ప్రార్థనలో అందరూ మోకరిస్తే ఆమె కూర్చునే ఉంది. "మోకాళ్లు వంగవు నాయనా. చెయ్యి వంగుతాది గదా" అంటోంది.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. చీనీ తోటలో కూలికి వచ్చిన ఆడవాళ్లు చెట్ల నీడకు చేరారు. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి వాసన. వాళ్లలో ఒకామె తొలి వారంలో మధ్యాహ్నం తినకుండా పనిచేసి కళ్లు తిరిగి పడిపోయింది. "ఎండలో కూలి చేసేదానివి, తినమ్మా. ఉపవాసం నోటి మాటకు పెట్టు" అని చర్చి అయ్యగారు చెప్పారు. ఆమె ఇప్పుడు మన పక్కనే తింటోంది. గట్టు తగాదాతో మాటలు ఆగిపోయిన తోడికోడలి ప్రస్తావన వచ్చింది. అందరూ తలా ఒక మాట వేశారు. ఆమె సంగటి ముద్దతో పాటు తన మాటనూ మింగేసింది. లేచి చెయ్యి కడుక్కుంటూ, "అన్నం మానేదే సులువు. ఇది దినామూ కష్టమే" అంది. కలహాలాడుతూ చేసే ఉపవాసం దేవుడి దగ్గరికి చేరదని యెషయా గ్రంథం 58వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆ అధ్యాయాన్ని ఆమె బతికి చూపిస్తోంది.

మధ్యాహ్నం దాటాక ప్రొద్దుటూరు. ఆదివారం ఉగాది, ఆ వెంటే రంజాన్. బట్టల కొట్లో కాలు పెట్టే సందు లేదు. పొద్దుటి నుంచి నిలబడే చీరలు విప్పి చూపిస్తున్న అమ్మాయి మూడు గంటల దాకా ఏమీ ముట్టనని మొక్కుకుంది. నిన్న పదకొండింటికి టీ వచ్చింది, తాగేసింది. ఇంక తన వల్ల కాదనుకుని రాత్రంతా ఏడ్చింది. పక్క కౌంటర్లో రోజా ఉన్న అమ్మాయి ఆమెతో, "నిన్నటిది నిన్ననే పాయె అక్కా. ఈ పొద్దు ఉండు" అంది. ఉంది. మూడు కొట్టగానే మంచినీళ్లు తాగింది. పొద్దుగూకి అజాన్ వినపడగానే ఆ పిల్ల ఖర్జూరాల్లో ఒకటి ఈమె చేతిలో పెట్టింది.

సెలవడిగి చీరలు చూపించే అమ్మాయి నేరుగా కతోలిక గుడికి నడిచింది. మనమూ వెనకే వెళ్దాం. సిలువ మార్గం మొదలైంది. మొత్తం 14 స్థలాలు. ప్రతి స్థలం దగ్గరా ఆగి, మోకరించి, లేచి ముందుకు సాగుతున్నారు. మూడో స్థలంలో యేసు సిలువ కింద పడ్డాడు. ఏడో స్థలంలో మళ్లీ పడ్డాడు. తొమ్మిదో స్థలంలో మూడోసారి. పాట ఎత్తుకుంటూ ఆ అమ్మాయి గొంతు బిగ్గరగానే పలికింది.

పడ్డ చోట్లను కూడా దారిలో భాగంగా లెక్కపెట్టిన భక్తి ఇది. మూడుసార్లు పడినా ఆ నడక కల్వరి చేరింది. మొక్కు తప్పినవాళ్లు, చాప ఖాళీ చేసి వెళ్లినవాళ్లు, రేపు తెల్లవారుజామున తిరిగి రావచ్చు. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. తప్పిన దినాలకు వడ్డీ అడిగే దేవుడు కాడు ఆయన.