నిరోధ్ చిరిగితే నేరం ఎవరిది?

దొరవారిసత్రం మీదుగా చెన్నై–కోల్‌కతా రహదారి పోతుంది. రోహిణి కార్తెలో ఆ దారి పక్కన ఆపిన లారీలో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించలేం. దాని సొరుగులోనో, వెనక జేబు పర్సులోనో నెలల తరబడి నలిగిన నిరోధ్ తీరా వాడేటప్పుడు చిరిగితే, ‘సర్కారు సరుకు, ఇంతకన్నా ఏముంటుంది’ అనేస్తారు. ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే మాత్రం నేరం రబ్బరు కన్నా దాన్ని దాచిన చోటుదే ఎక్కువనిపిస్తుంది.

ఒకప్పుడు ఈ తొడుగులను గొర్రె పేగులతో చేసేవారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి కాచి రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాక, 1855 ప్రాంతంలో రబ్బరువి వచ్చాయి. అవి మందంగా ఉండేవి, కడిగి మళ్లీ వాడుకునేవారు. 1920ల నాటి లేటెక్స్‌తో తొడుగు పల్చబడింది, వాడకం సుఖమైంది. అయితే పల్చని రబ్బరును గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ త్వరగా తినేస్తాయి, ఎండ, వేడి ఆ పనిని తొందరపెడతాయి. అందుకే అసలు రక్షకుడు గాలి చొరబడని రేకు పొట్లమే అంటాను. మన దేశంలో 1968లో నిరోధ్ వచ్చింది, 15 పైసలకు మూడు. బ్రూక్‌బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్ వంటి కంపెనీల సరఫరా దారుల్లోనే, టీపొడి చేరే కొట్లకు అదీ చేరింది. మరుసటేడు తిరువనంతపురంలో జపాన్ కంపెనీ ఒకమోటో సాయంతో హిందుస్థాన్ లేటెక్స్ ఉత్పత్తి మొదలెట్టింది. నాటి నిరోధ్‌కు జారుడు పూత లేదు. పొడిగా ఉంటే చేతికందిన నూనె రాయాలనిపించడం సహజమే, రబ్బరుకు అంతకు మించిన చేటు లేదు. ఖనిజ నూనె తగిలిన 60 సెకన్లలోనే లేటెక్స్ బలం సుమారు 90 శాతం పడిపోయిందని 1989లో ఒక అమెరికన్ పరిశోధన తేల్చింది. వ్యాజిలిన్, కొబ్బరి నూనె కూడా లేటెక్స్‌కు పడవు. అప్పటికి ముప్పు కూడా పెరిగింది. 1986లో మద్రాసులో వైద్య పరిశోధకులు సునీతి సోలొమన్, సెల్లప్పన్ నిర్మల దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపెట్టాక, చిరుగు అంటే గర్భం ఒక్కటే కాదు.

‘ఫ్యాక్టరీలో 70 డిగ్రీల పొయ్యిలో వారం పెట్టి చూస్తారు కదా, మన ఎండ ఎంత?’ అనొచ్చు. నిజమే, మామూలు వెడల్పు తొడుగు ఆ పరీక్ష తర్వాత కూడా పగలకుండా కనీసం 18 లీటర్ల గాలి పట్టాలని ప్రమాణం. అయితే ఆ పరీక్ష చెక్కుచెదరని పొట్లానికి, కదలని చోట జరిగేది. పర్సులో మడతపడి, నాణేల రాపిడికి రేకులో సూదిమొనంత కన్నం పడితే ఆ లెక్క తప్పుతుంది. పొట్లాన్ని వేళ్లతో నొక్కితే లోపలి గాలి మెత్తగా ఎదురు తన్నాలి. తన్నకపోయినా, గడువు దాటినా పారేయాలి. పంటితో చింపకూడదు, కొసను నొక్కి గాలి తీసి తొడగాలి, జారుడుకు నీటి ఆధారిత జెల్లీయే రాయాలి. రెండు తొడిగితే రక్షణ రెట్టింపని కొందరి నమ్మకం, దానివల్ల పెరిగేది రాపిడే. పని అయ్యాక అంచు పట్టుకుని బయటికి తీయాలి.

అయినా చిరిగితే తెల్లారనిచ్చి చూద్దాం అనుకోవద్దు. అత్యవసర గర్భనిరోధక మాత్ర, హెచ్‌ఐవీ భయం ఉంటే డాక్టరు ఇచ్చే నివారణ మందులు, రెండింటినీ 72 గంటల్లోపే మొదలెట్టాలి. ఎంత ముందైతే అంత మంచిది.