లాటు నంబరు రెండు వందల పద్నాలుగు

హైదరాబాద్‌లో రాధిక చౌరస్తా దాటి ఏఎస్ రావు నగర్ మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసరికి శనివారం సాయంత్రం రద్దీ మొదలైంది. నగల షోరూముల లైట్లు, బట్టల దుకాణాల బయట బేరాలు, మిర్చిబజ్జీల బండి చుట్టూ జనం, ఎక్కడపడితే అక్కడ ఆగే ఆటోలు. పక్క సందులోకి తిరిగితే ఆ హోరు సగానికి సగం తగ్గుతుంది. కాలనీ తొలిరోజుల్లో కట్టిన ఇల్లొకటి, ముందు వేపచెట్టు, గేటుకు వేలాడుతున్న పాలసంచి. చెప్పులు విడిచి లోపలికి రండి. వేలంపాట మొదలై గంటయింది.

హాల్లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్. దాని ముందు ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. పక్క కుర్చీలో ఎదురింటి కుర్రాడు, పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈ నాణేల పిచ్చి ఈ మధ్యే తగులుకుంది. టేబుల్ మీద మెత్తటి తువ్వాలు పరిచి ఉంది. చేతిలోంచి నాణెం జారినా నొక్కు పడకూడదని. తువ్వాలు మీద భూతద్దం, కంసాలి వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, మడిచి మడిచి నలిగిన కేటలాగ్.

"మనది రెండు వందల పద్నాలుగు. ఇప్పుడు నూట డెబ్బై నడుస్తోంది. కూర్చోండి, టైముంది," అంటారాయన, కళ్ళు తెర మీంచి తిప్పకుండానే.

తెర మీద ముంబైలో ఏదో హోటల్ హాలు. కోటు వేసుకుని చెక్క సుత్తి పట్టుకున్నాయన నంబర్లు చదువుతున్నాడు. ఎదురుగా వేసిన కుర్చీలు సగం ఖాళీ. గోడవారన నలుగురైదుగురు ఫోన్లు చెవికి ఆనించుకుని ఎవరికో గుసగుసగా ధర చెప్తున్నారు. మిగతా పోటీ అంతా ఇదిగో ఇలాంటి హాళ్ళలోంచే. పన్నెండు వేలు, పన్నెండున్నర, ఆన్‌లైన్‌లో పదమూడు. సుత్తి పడింది. ఒక్కో లాటుకు నిమిషం కూడా పట్టడం లేదు.

మనకు తెలిసిన పాట వేరు. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు మొదలైన లడ్డూ పాట ఇవాళ లక్షల్లో ఉందంటే, పాడినవాడి మొహాన్ని ఊరంతా చూస్తుంది కాబట్టి. ఇక్కడ కొన్నవాడి మొహం ఎవరికీ కనపడదు. పాడినవాడి అట్ట మీద అంకె చదివి, రాసుకుని, తర్వాతి లాటుకు వెళ్ళిపోతారు. నాకైతే ఈ మొహం లేని పాటలోనే ఉత్కంఠ ఎక్కువనిపిస్తుంది. అవతల పాడుతున్నది కోటీశ్వరుడో, మనలాంటి పింఛనుదారో తెలియదు కదా.

"ఈలోపు ఇది పట్టుకోండి. అంచులే, మొహం మీద వేలు పెట్టకండి."

అరచేతిలోకి ఒక వెండి రూపాయి వచ్చింది. చల్లగా ఉంది, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఒకవైపు చార్మినార్, చుట్టూ అరబ్బీ లిపి. భూతద్దం కింద పెట్టి మధ్య ద్వారంలోకి చూడండి. అక్కడ ఒక అక్షరం కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు రూపాయిలో అది ఆయన పేరుకు గుర్తుగా 'మీమ్'. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక 'ఐన్'. కొత్త నిజాం తొలినాళ్ళలో ముద్రించిన కొన్నిట్లో ఆ ఐన్‌కు కింది తోక లేదు. తర్వాత పూర్తి అక్షరం వచ్చింది. మీ చేతిలో ఉన్నది తోక ఉన్నది. రెండు వందల పద్నాలుగోది తోక లేనిది.

"ఇంత దానికా అంకుల్?" అన్నాడు కుర్రాడు మొదటిసారి విన్నప్పుడు.

"ఇంత దానికే బాబూ."

రూపాయిని త్రాసు మీద పెట్టారు. 11.14 గ్రాములు. మింటు ప్రమాణం 11.178. ఆ తేడా జేబుల్లో, గల్లాపెట్టెల్లో అరిగిపోయినది. ఇందులో వెండి 81.8 శాతం. దాని పక్కన ఐదో జార్జి బొమ్మ ఉన్న బ్రిటిష్ రూపాయి పెట్టారు, పాతవాళ్ళు కల్దార్ అనేది. అది 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. నిజాం రాజ్యంలో ఏడు హాలీ రూపాయలకు, అంటే ఈ చార్మినార్ రూపాయలకు, ఆరు కల్దార్లు వచ్చేవి. సర్కారు లెక్కలో చెప్పాలంటే నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. వినడానికి ఏదో దివాను గారి చిత్తం అనిపిస్తుంది. కుర్రాడు ఫోన్లో గుణించి చూశాడు. ఏడు హాలీ రూపాయల్లో ఉన్న వెండి 64 గ్రాములు. ఆరు కల్దార్లలోనూ 64 గ్రాములే, కొసరు తేడా. ఆయన ఏమీ అనలేదు కానీ మొహంలో సంతోషం దాగలేదు. ఈ లెక్క ఎవరికి వారు వేసుకుంటే తప్ప రుచించదు.

కుర్చీ పక్కన ఒక బిస్కెట్ డబ్బా ఉంది, మూత తీయండి. పనికిరానివన్నీ ఇందులో. చింతపండుతో తోమి తోమి తళతళలాడించిన రూపాయి. నూరేళ్ళకు పట్టిన ఆ బూడిదరంగు పొరే నాణేనికి వయసు పత్రం, దాన్ని గీకేశాక వెండి ధర తప్ప ఇంకేమీ రాదు. లంబాడీ హారంలోంచి వచ్చినవి నాలుగు, నెత్తిన టంకం మచ్చ ఉన్నవి. "లూప్ తగిలింది" అని కేటలాగ్‌లో ఒక్క ముక్క పడితే ధర కుప్పకూలుతుంది. మెడలో వేసుకున్న ఆ మనిషి కథ ఎంత గొప్పదైనా వేలంలో దానికి పైసా పలకదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి. అడుగున నడిమధ్య చిల్లు ఉన్న రెండు పైల బిళ్ళలు గుప్పెడున్నాయి, 1940ల నాటివి. వీటిని పిల్లలకు పంచిపెడతారాయన.

వంటింట్లోంచి ఆంటీ టీ కప్పులతో వచ్చి, వాటితో పాటు ఒక పది రూపాయల బిళ్ళ కూడా టేబుల్ మీద పెట్టింది. "కిరాణా కొట్లో ఇచ్చాడు, చుక్క ఉంది చూడండి." సంవత్సరం కింద ఐదు కోణాల నక్షత్రం. హైదరాబాద్ మింటు గుర్తు అది. ముంబైది వజ్రం ఆకారం, నోయిడాది గుండ్రటి బొట్టు, కోల్‌కతాకు గుర్తే లేదు. సైఫాబాద్‌లో 1903లో నెలకొన్న టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. ఈ ఇంటి నుంచి ఆటోలో వెళ్ళేంత దూరం. సైఫాబాద్ పాత భవనంలో 2022 నుంచి మ్యూజియం నడుస్తోంది. మన వీధి పక్కనే నాణేలు తయారవుతుంటే మన ఊరి పాత నాణెం కోసం ముంబై వేలంలో పాడాలి. ఆంటీ దీన్ని చాలాసార్లు ఎత్తిపొడిచింది కాబోలు, ఆయన వినిపించుకోనట్టు టీ తాగారు.

నూట తొంభై ఎనిమిది. కుర్రాడి ఫోన్ మోగింది. డాలస్‌లో స్నేహితుడు, అతనికీ ఒక చార్మినార్ రూపాయి కావాలట, కొని పంపమంటున్నాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువు దేశం దాటకూడదు. ఆ గీత ఏటా ఒక ఏడు ముందుకు జరుగుతుంది. నిరుడు పంపగలిగిన రూపాయి ఈ ఏడు పంపలేం. గీత దాటిన కథలకు లోటు లేదు. జహంగీర్ 1613లో ఆగ్రాలో కొట్టించిన బంగారు మొహరు, దాదాపు 12 కిలోలది, 1987లో జెనీవాలో వేలానికి పెట్టారు. అది నిజాం ఇంటి సొత్తన్న మాట బయటికి రాగానే ఇక్కడ సీబీఐ కదిలింది. ఆ రోజు అది అమ్ముడుపోలేదు. "పన్నెండు కిలోల మొహరు మాటెందుకు, నీ ఫ్రెండును సంక్రాంతికి వచ్చి ఇక్కడే చూసుకోమను," అన్నారాయన.

రెండు వందల పది. ఇక ఎవరూ మాట్లాడటం లేదు. కేటలాగ్ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న అంకె 6,500. చేతిలో ఉన్నది ఎనిమిది వేలు. అందులోంచి వేలం సంస్థ కమిషన్, దాని మీద జీఎస్టీ, కొరియరు తీసేస్తే సుత్తి ధర అక్కడ ఆగాలి. సుత్తి ధరనే అసలు ధర అనుకుని పాడి, బిల్లు చూసి నీరుగారిపోవడం కొత్తవాళ్ళకు మామూలు. అందుకే ఈ లెక్క ముందే వెనకనుంచి వేసుకోవాలి, పాట వేడిలో వేసుకునేది కాదు.

"టూ ఫోర్టీన్."

తెర మీద చార్మినార్ పెద్దదై కనిపించింది. ద్వారంలో తోక లేని ఐన్. మూడు వేలతో మొదలు. హాల్లో ఎవరో చెయ్యెత్తారు, మూడున్నర. ఆయన చూపుడువేలు మౌస్ మీద ఉంది కానీ నొక్కలేదు. నాలుగు. నాలుగున్నర. ఫోన్ల దగ్గర ఒకమ్మాయి తల అడ్డంగా ఊపి తప్పుకుంది. అప్పుడు నొక్కారు, ఐదు. ఐదున్నర, అవతల ఇంకో ల్యాప్‌టాప్. ఆరు, మనది. చక్రం తిరుగుతోంది, నెట్ నెమ్మదించింది. కుర్రాడు తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసేలోపు తెర కదిలింది. ఆరు వేలు, ఇంకా మనదే. సుత్తి గాల్లో ఒక్క క్షణం ఆగి, పడింది.

"ఎంతకొచ్చిందండీ?" వంటింట్లోంచి.

"తక్కువకే."

ఇక్కడితో వెళ్ళిపోవచ్చు. ఈ రాత్రికి ఆయన కొనబోయేది ఇంకేమీ లేదు. కానీ రెండు వందల అరవై ఒకటి కోసం కూర్చుంటున్నారు, కొనలేనని తెలిసీ.

మధ్యలో కాళ్ళు చాపుకుందాం. గది మూలన చెక్క షట్టర్ల పెట్టె చూశారా? ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్. 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఈ కాలనీ పేరు. ఆయన మనుషులు ఇక్కడ కంప్యూటర్ల నుంచి టీవీల దాకా చేశారు. ఇంటింటా నిలిచింది మాత్రం ఈ టీవీయే. మొన్నీమధ్య పాతసామాన్ల బండివాడు దీనికి మూడు వందలు ఇస్తానన్నాడట. నాణేల కేటలాగులు వేసే సంస్థలు వీటివైపు చూడవు. నన్నడిగితే ఈ ఊళ్ళో రేపటి పురావస్తువు ఇదే, ఇప్పుడే ఎవరైనా గూట్లో దాచుకోవాలి.

"వచ్చింది, వచ్చింది."

రెండు వందల అరవై ఒకటి నాణెం కాదు, నోటు. హైదరాబాద్ సర్కారు పది రూపాయలది. ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ అక్షరాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై 1918లో నిజాం ప్రభుత్వం కాగితపు డబ్బు మొదలుపెట్టింది. లండన్‌లో వాటర్లో కంపెనీ అచ్చువేసి ఓడల్లో పంపేది. తెర మీది నోటుకు అంచులు చివికి, గోధుమరంగు మరకలు. సంతకం ఉండాల్సిన చోట ఖాళీ.

ఆ మరకల వెనక కథ ఉంది. 1922 మే 20న ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ఎస్‌ఎస్ ఈజిప్ట్ అనే ఓడను ఇంకో ఓడ గుద్దింది. లండన్ నుంచి బొంబాయి వస్తున్న ఓడ అది. 80 మందికి పైగా చనిపోయారు. బంగారం, వెండితో పాటు ఇక్కడికి రావలసిన నోట్ల కట్టలూ నాలుగు వందల అడుగుల లోతుకు పోయాయి. పైకి తీయడానికి దిగిన ఇటలీ ఓడ ఆర్టిలియో 1930లో మరో మునిగిన ఓడను పేలుస్తూ తానే పేలిపోయింది. అదే పేరుతో ఇంకో ఓడ వచ్చి 1932లో బంగారాన్ని తీసింది. దాంతో పాటు ఈ తడి కాగితాలూ వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక్కరోజు కూడా చెల్లని డబ్బు ఇది.

"మామూలు నోటుకు మరక పడితే ధర సగం. దీనికి మరకే ధర," అన్నారాయన. కుర్రాడు కాసేపు చూసి అడిగాడు. "మరి టీ డికాషన్‌లో ముంచితే?"

"అందుకే ఇంతకుముందు ఏ వేలంలో వచ్చింది, ఎవరి దగ్గరనుంచి వచ్చింది, సీరియల్ నంబరు ఏ పాత కేటలాగ్‌లో ఉందని అడుగుతారు. కథ అందరూ చెప్తారు బాబూ. కాగితం చూపించినవాడికే డబ్బు."

పాతిక వేలు. ముప్పై. రెండు ఫోన్ల మధ్య పోటీ, ఆన్‌లైన్ వాళ్ళు నలభై దగ్గరే జారుకున్నారు. నలభై ఐదు. యాభై. ఒక ఫోన్ దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు, వేలం వేసే ఆయన ఓపిగ్గా ఆగాడు. యాభై ఐదు. అవతలి ఫోన్ వెంటనే అరవై అంది. ఇక ఎవరూ పలకలేదు.

పెద్దాయన కేటలాగ్ తిప్పి, ఆ పేజీలో నోటు బొమ్మ పక్కన 60,000 అని రాసి, తేదీ వేసి, సీరియల్ నంబరు కింద గీత గీశారు.

"మనం కొనలేదు కదా అంకుల్, ఎందుకు రాయడం?"

"ఇది ఇంకో పదేళ్ళకు మళ్ళీ పాటకొస్తుంది. అప్పుడు అడిగేవాళ్ళకు నువ్వు చూపించాలి. ఆ కేటలాగ్ పైన అల్మారాలో పెట్టు, ఎడంవైపు వరసలో."