వెబ్ జాబితాలో అంశం గుర్తింపు: స్థానం, స్వలక్షణం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెబ్ పుటలోని జాబితాలో ఒక్క అంశానికి మాత్రమే ప్రత్యేక రూపం ఇవ్వాలంటే ముందుగా దానిని గుర్తించాలి. ఆ గుర్తింపు వరుసలోని స్థానాన్ని బట్టి జరగాలా, అంశం సొంత లక్షణాన్ని బట్టి జరగాలా? ఈ ప్రశ్నకు 1991 నుంచి 2023 వరకు వచ్చిన సమాధానాలను పరిశీలించి, తెలుగు పద్యసంకలనాల డిజిటల్ ప్రతులకు వాటిని అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జాబితా, సి.ఎస్.ఎస్., సెలెక్టర్, కీ, పద్యానుక్రమణిక, ప్రక్షిప్తం.

1. ప్రవేశిక
సి.పి. బ్రౌన్ 1829లో 693 వేమన పద్యాలను ప్రకటించాడు. 1839 నాటి ముద్రణలో వాటి సంఖ్య 1164కు పెరిగింది. ఇటువంటి సందర్భంలో ముద్రణను పేర్కొనకుండా పద్యసంఖ్యను మాత్రమే ఉల్లేఖిస్తే ప్రయోజనం ఉండదు. శతకపద్యం ముక్తకం కనుక దాని స్థానం ప్రతి నుంచి ప్రతికి మారగలదు. గ్రంథాంతంలో అకారాది పద్యానుక్రమణికను చేర్చే సంప్రదాయానికి ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. అందులో పద్యాన్ని పోల్చుకునేది ఎత్తుగడతో, వరుససంఖ్యతో కాదు. వెబ్ జాబితాల చరిత్రలోనూ ఇదే సమస్య మరో రూపంలో కనిపిస్తుంది.

2. పేరుతో గుర్తింపు
టిమ్ బెర్నర్స్-లీ 1991లో వివరించిన తొలి హెచ్.టి.ఎమ్.ఎల్. ట్యాగులలోనే జాబితాకు చోటు ఉంది. విషయాన్ని, దాని రూపాన్ని వేరుచేసే ఉద్దేశంతో హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో సి.ఎస్.ఎస్. ప్రతిపాదన చేశాడు. 1996 డిసెంబరులో వెలువడిన మొదటి ప్రమాణంలో క్లాస్, ఐడి అనే రెండు గుర్తులు ఉన్నాయి. క్లాస్ పలు అంశాలకు ఉమ్మడి. ఐడి పుటలో ఒక్కదానికే చెందుతుంది. పుటను చేత్తో రాసేవారే ఈ గుర్తులను అంశాలకు తగిలించేవారు.

3. స్థానంతో గుర్తింపు
1998 మేలో వచ్చిన రెండవ ప్రమాణం ‘ఫస్ట్-చైల్డ్’ను చేర్చి, మొదటి అంశాన్ని స్థానం ద్వారా ఎంచుకునే వీలు కల్పించింది. ఎన్నవ అంశాన్నయినా సూచించగల ‘ఎన్త్-చైల్డ్’ 2011 సెప్టెంబరులో ఆమోదం పొందిన మూడవ స్థాయి సెలెక్టర్ల ప్రమాణంలో భాగం. దానికి ముందే, 2006లో వెలువడిన జె-క్వెరీ పాత బ్రౌజర్లలోనూ ఇటువంటి ఎంపికను సాధ్యం చేసింది. సరి, బేసి వరుసలకు వేర్వేరు రంగులు వేయడం దీనితో సులభమైంది. అయితే ఈ సెలెక్టర్ లెక్కించేది స్థానాన్ని మాత్రమే. తెరపై దాచిన వరుసను కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది.

4. కదిలే జాబితా
1995లో జావాస్క్రిప్ట్ వచ్చింది. పుటను మళ్ళీ తెరవకుండానే సర్వర్ నుంచి సమాచారం తెచ్చే పద్ధతికి 2005లో ‘అజాక్స్’ అనే పేరు స్థిరపడింది. జాబితా బ్రౌజర్‌లోనే పుట్టి, అక్కడే మారసాగింది. క్రమం మార్చినా, కొన్నింటిని వడగట్టినా, పైన కొత్త అంశం చేరినా, అంతవరకు మూడవదిగా ఉన్నది మూడవది కాకుండా పోతుంది.

2011లో వచ్చిన డి3, 2013లో బహిరంగమైన రియాక్ట్ ఈ చిక్కుకు ‘కీ’ని పరిష్కారంగా చూపాయి. కీ ఇవ్వకపోతే రెండూ వరుసక్రమాన్నే ఆధారం చేసుకుంటాయి. రియాక్ట్‌లో కీ నేరుగా రూపాన్ని ఇవ్వదు. పాత జాబితాలోని ఏ అంశం కొత్త జాబితాలో ఏదో పోల్చడానికే అది ఉపకరిస్తుంది. సమాచారం నుంచి నిర్ణయించిన క్లాస్ కీ లేకపోయినా సరిగానే మారుతుంది. కాని పాఠకుడు ఒక వరుసలో టైపు చేసిన మాట, తెరిచి ఉంచిన వివరణ పాత స్థానంలోనే మిగిలి మరో అంశానికి అంటుకోగలవు.

5. పద్యజాబితాకు అన్వయం
ఒక శతకాన్ని వెబ్ జాబితాగా రూపొందించే సంపాదకుడు పన్నెండవ పద్యాన్ని ప్రక్షిప్తంగా భావించి, ‘పన్నెండవ అంశానికి ఎరుపు’ అని స్థానాధారంగా నియమించాడనుకుందాం. పాఠకుడు జాబితాను అకారాదిగా మార్చగానే ఆ ఎరుపు మరో పద్యంపై పడుతుంది. ప్రోగ్రామ్ ఎటువంటి దోషమూ చూపదు. పరిశోధకుడు మాత్రం ప్రామాణిక పద్యాన్ని ప్రక్షిప్తమని నమోదు చేసుకుంటాడు. ఇక్కడ తప్పిపోయింది రంగు ఒక్కటే కాదు, సంపాదకుని నిర్ణయం కూడా.

ప్రక్షిప్తమన్న సమాచారాన్ని పద్యంతోపాటే భద్రపరచి, దాని నుంచి క్లాస్‌ను నిర్ణయిస్తే, పద్యం ఎక్కడికి జరిగినా గుర్తు దాని వెంటే వెళుతుంది. ఎత్తుగడకు పాఠాంతరాలు ఉండవచ్చు కనుక, ప్రతి పద్యానికి మారని సంకేతసంఖ్య ఒకటి కేటాయించి దానినే కీగా వాడడం మేలు.

6. ముగింపు
దీనినిబట్టి స్థానాధార పద్ధతి నిరుపయోగమని భావించరాదు. వరుసల రంగులు, చివరి అంశం తరువాతి ఖాళీ జాబితాకు చెందిన విషయాలు. వాటికి స్థానమే తగిన ఆధారం. నిర్దిష్ట లక్షణం గల అంశాలను మాత్రమే లెక్కించేలా ‘ఎన్త్-చైల్డ్’కు చేసిన విస్తరణ 2023 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నింటికీ చేరింది. ప్రక్షిప్తత, పాఠభేదం, కర్తృత్వసందేహం పద్యానికి చెందినవి. వాటిని వరుససంఖ్యకు అప్పగించరాదు. పద్యానుక్రమణిక నేర్పిన ఈ వివేకాన్ని డిజిటల్ ప్రతుల రూపకల్పనలోనూ పాటించడం పాఠపరిష్కరణలో భాగమే.