బొటనవేలి కింద పన్నెండు మీటలు

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే మలికిపురం డీటీపీ షాపుల్లో శుభలేఖల పనే పని. పెళ్లివారు పేర్లన్నీ వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపుతారు. అవి పేజ్‌మేకర్‌లోని అను ఫాంట్లలోకి నేరుగా దిగవు. పేరును కాపీ చేసి కన్వర్టర్‌లో వెయ్యాలి, మారి వచ్చినదాన్ని మళ్లీ కాపీ చేసి పేజీలో పెట్టాలి, ఇంటిపేరులో దీర్ఘం ఎగిరిపోతే వెనక్కి వెళ్లి దిద్దాలి. ఆ ఒక్క కార్డు అయ్యేలోగా ఆపరేటర్ కుడిచెయ్యి కీబోర్డుకూ మౌస్‌కూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఈ తిరుగుడు తగ్గించడానికి పక్కన పన్నెండు బటన్లున్న గేమింగ్ మౌస్ పనికొస్తుందంటే చాలామంది ఒప్పుకోరు. అది ఆటల వస్తువు, పనివాళ్లకెందుకు అంటారు. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. మౌస్‌కు బటన్లు పెరిగింది మొదట పని కోసమే. ఆటలవాళ్లు వాటిని చాలా ఆలస్యంగా అందుకున్నారు.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా బిల్ ఇంగ్లిష్ 1964లో తయారుచేసిన మొదటి మౌస్ ఒక చెక్కపెట్టె. అడుగున అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు చక్రాలు, పైన ఒకటే బటన్. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని అందరి ముందూ వాడి చూపేసరికి బటన్లు మూడయ్యాయి. ఆ రోజు తెరమీద ఆయన దిద్ది చూపించినవాటిలో ఒకటి బజారు సరుకుల చిట్టా. ఇక్కడ గమనించాల్సింది ఆయన ఎడమచెయ్యి. దాని కింద పియానో మెట్లలాంటి అయిదు మీటల పెట్టె ఉంది. వాటిని ఒక్కొక్కటిగానూ కలిపికలిపీ నొక్కితే 31 రకాల సంకేతాలు వస్తాయి. మౌస్ బటన్ కూడా నొక్కిపట్టి అదే మీట కొడితే పెద్దక్షరమో అంకెయో పడుతుంది. అంటే చిన్నచిన్న దిద్దుబాట్లకు కుడిచెయ్యి మౌస్‌ను వదలక్కర్లేదు. చేతుల తిరుగుడు మానిపించాలన్న ఆలోచన మౌస్ బాల్యంలోనే ఉందన్నమాట.

తర్వాత బటన్లు తగ్గాయి. జిరాక్స్ వారి ఆల్టోకు 1973లో మూడున్నాయి, 1981 నాటి స్టార్‌కు రెండే మిగిలాయి. 1983లో వచ్చిన ఆపిల్ లీసాకు ఒకటే. కంప్యూటర్‌ను ఎన్నడూ ముట్టనివాళ్లు ఏ బటన్ నొక్కాలో తెలియక తడబడతారని, ఒకటే చాలని ఆపిల్‌లో పనిచేసే లారీ టెస్లర్ గట్టిగా వాదించాడు. కొత్తవాళ్ల వరకూ ఆయన మాట నిజమే. చిక్కల్లా కొత్తవాడి కోసం చేసిన కొలత ఇరవై ఏళ్ల అనుభవమున్న ఆపరేటర్‌కూ కొలత కావడంలో వచ్చింది. ఇదే కాలంలో ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఆఫీసుల్లో డిజిటైజర్ పలకమీద జరిపే పరికరానికి 16 బటన్ల దాకా ఉండేవి. నిపుణుడి చేతికి అవి ఎక్కువనిపించలేదు. మన కత్తిపీట కొసన కొబ్బరి కోరాం ఉన్నందుకు వంటింట్లో ఎవరూ తికమకపడరు కదా! మైక్రోసాఫ్ట్ 1996లో చక్రం పెట్టింది పొడవాటి పేజీలు జరపడానికి. 1999లో బొటనవేలి దగ్గర రెండు బటన్లు పెట్టిందీ వెబ్ పేజీల్లో వెనక్కీ ముందుకూ వెళ్లడానికే. 2009లో రేజర్ కంపెనీ గేమింగ్ మౌస్ నాగా వచ్చి, బొటనవేలి కింద ఫోన్ మీటల్లా పన్నెండు పేర్చింది. వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో మంత్రాలూ అస్త్రాలూ అంకెల మీటలకు కట్టి ఉంటాయి. ఆ అంకెలనే బొటనవేలి కిందికి తెచ్చారు. కీబోర్డు పై వరస అంకెలు కావాలో, కుడిపక్క నంబర్ ప్యాడ్ కావాలో ఎంచుకోవడానికి మౌస్ అడుగున ఓ చిన్న స్విచ్ కూడా పెట్టారు. ఆటకోసం చేసినదే అయినా, లెక్కలు రాసేవాడి చేతికి అంకెల పెట్టె అందినట్టయింది.

కీబోర్డు షార్ట్‌కట్లు వస్తే ఇదంతా ఎందుకన్నది బలమైన అభ్యంతరమే. కాపీ, పేస్ట్, అన్‌డూ, సేవ్ నాలుగూ కీబోర్డు ఎడమవైపే ఉన్నాయి. కుడిచెయ్యి మౌస్ మీద ఉండగానే ఎడమచెయ్యి వాటిని నొక్కేస్తుంది. కాబట్టి కొత్త మౌస్ కొని మొట్టమొదట కాపీ, పేస్ట్‌లనే దానికెక్కిస్తే లాభం స్వల్పం. అసలు తిరుగుడు ఎంటర్, డిలీట్, బ్యాక్‌స్పేస్, బాణం గుర్తులు, నంబర్ ప్యాడ్ దగ్గర ఉంది. ఇవన్నీ కుడివైపువి. వీటికోసం మౌస్ వదలక తప్పదు. గల్ఫ్ వెళ్లేవాళ్ల దరఖాస్తుల్లో పాస్‌పోర్టు అంకెలు నింపేవారికీ, కొబ్బరి దింపు లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించేవారికీ రోజంతా ఇవే మీటలు.

ఆఫీసు కంప్యూటర్‌లో మౌస్ సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వరన్నది రెండో అభ్యంతరం. విండోస్ తనంతట తాను గుర్తించేది అయిదు బటన్లనే. మిగతావి కీబోర్డు మీటల్లా నటించాలి. ఆ కేటాయింపు మౌస్‌లోనే భద్రమయ్యే రకం కొంటే ఇంట్లో ఒకసారి అమర్చుకుని ఏ కంప్యూటర్‌కు తగిలించినా పనిచేస్తుంది. కొనేముందు బటన్ల లెక్క కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. వేలికి శ్రమ పెరుగుతుందన్న భయాన్ని మాత్రం కొట్టిపారెయ్యలేం. పన్నెండు మీటల్లో చివరి వరస అందుకోవడానికి బొటనవేలిని లోపలికి మడవాల్సి వస్తే ఆ మౌస్ ఆ చేతిది కాదు. వేలు పెద్దదైతే ఆరు మీటలున్నదే మేలు. ఎడమచేతివాటం వాళ్లకు ఇలాంటివి దొరకడమే అరుదు, ఇది తయారీదార్లు సరిదిద్దాల్సిన లోటు. షాపులో మౌస్ చేతిలోకి తీసుకున్నప్పుడు కళ్లు పక్కకు తిప్పి, బొటనవేలితో మధ్య వరస మీటను వెతకాలి. మంచి మౌస్‌లకు అక్కడ ఒక మీట కొంచెం ఎత్తుగానో గరుకుగానో ఉంటుంది. అది చూడకుండానే దొరికితే, ముందు ఎంటర్‌ను దానికే ఇవ్వాలి.