టవర్ వస్తే జబ్బు వస్తుందా? సెల్ సిగ్నల్ మన గూడెం దాకా వచ్చిన చరిత్ర



గూడెంలో టవర్ వేస్తామంటే మనలో రెండు మాటలు వినపడతాయి. కుర్రాళ్లం 'తొందరగా వెయ్యండి' అంటాం. పెద్దలు 'దానివల్ల జబ్బులొస్తాయంట, చంటిపిల్లలున్నారు' అంటారు. వాళ్ల భయాన్ని నవ్వి కొట్టేయకూడదు. అలాగని వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మకూడదు. అందుకే అసలు సంగతి చూద్దాం.

చేత్తో పట్టుకునే ఫోన్‌తో మొదటి కాల్ 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్‌లో మార్టిన్ కూపర్ చేశాడు. ఆ ఫోన్ కిలో పైనే బరువు. 1979లో టోక్యోలో 1జి, 1991లో ఫిన్లాండ్‌లో 2జి మొదలయ్యాయి. మన దేశంలో 1995 జూలై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి సెల్ కాల్ మాట్లాడారు. 4జి 2012లో వచ్చింది.

మరి మనకి? 2020లో కరోనా క్లాసుల కోసం మనవాళ్లు ఫోన్ పట్టుకుని గుట్టలెక్కారు. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జి ఇస్తామని కేంద్రం 26,316 కోట్లు ఒప్పుకున్నది 2022 జూలైలో. అదే ఏడాది అక్టోబరులో పట్నాలకు 5జి వచ్చేసింది!

ఇక ఆరోగ్యం మాట. సెల్ తరంగాలకు ఎక్స్‌రే లాగా డీఎన్ఏని విరిచేంత శక్తి లేదు. మోతాదు బాగా పెరిగితే ఒంట్లో వేడి పుట్టిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2011లో వీటిని 2బి వర్గంలో పెట్టింది. అంటే 'కేన్సర్ తెస్తుందని రుజువు కాలేదు, అలాగని పూర్తిగా కొట్టిపారేయలేం' అని. 2012 సెప్టెంబరు నుంచి మన దేశం టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద సమీక్షలో మొబైల్ వాడకానికీ మెదడు కేన్సర్‌కీ సంబంధం కనపడలేదు.

మనం గమనించాల్సింది ఇంకోటుంది. అవతలి కొండమీద ఉన్నవాణ్ణి పిలవాలంటే గట్టిగా కేకెయ్యాలి కదా, ఫోన్ కూడా అంతే. టవర్ దూరమైతే ఎక్కువ పవర్‌తో తరంగాలు వదులుతుంది. 2జి ఫోన్ అయితే 2 వాట్ల దాకా వెళ్తుంది. టవర్ దగ్గరుంటే అందులో చాలా కొద్దిగా చాలు. అంటే ఒక గీత సిగ్నల్‌తో చెవికి ఆనించి గంటలు మాట్లాడే మన ఊళ్లలోనే చెవి దగ్గర మోతాదు ఎక్కువ. టవర్ వస్తే అది తగ్గుతుంది.

అందుకని సిగ్నల్ తక్కువున్న చోట స్పీకర్ పెట్టి మాట్లాడదాం, లేదా మెసేజ్ పెడదాం. దిండు కింద ఫోన్ వద్దు. టవర్ మీద అనుమానముంటే టెలికాం శాఖ 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో వివరాలు చూసి గ్రామసభలో పెద్దలకు చదివి వినిపిద్దాం. పురిటి నొప్పులొచ్చిన రాత్రి 108కి ఫోన్ కలవకపోవడం ఎంత ప్రమాదమో కూడా అదే సభలో చెబుదాం. అన్నీ విన్నాక ఊరే నిర్ణయిస్తుంది.