పాత బైక్ అమ్ముతున్నారా? డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు

గల్ఫ్ వీసా చేతికొచ్చింది. ఫ్లైట్‌కు పది రోజులే టైముంది. ఆలోపే బైక్, ఫ్రిజ్, పాత ఫోన్ అమ్మేయాలి. ఓఎల్ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో ఫొటో పెట్టగానే ఫోన్లు మొదలవుతాయి. బేరమాడకుండా, వస్తువు చూడకుండానే 'తీసుకుంటా' అన్నారంటే అక్కడే అనుమానించాలి.

ఇలాంటి కాల్స్ ఎక్కువగా హిందీలో వస్తాయి. ఆర్మీలో ఉన్నానంటూ ఐడీ కార్డు ఫొటో కూడా పంపిస్తారు. తర్వాత వాట్సాప్‌లో ఓ క్యూఆర్ కోడ్ వస్తుంది. స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్స్ పడుతుందంటారు. నమ్మకం కోసం ముందు ఒకటో రెండో రూపాయలు నిజంగానే వేస్తారు. యూపీఐలో డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి పిన్ కావాలి. తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కానింగూ అక్కర్లేదు. పిన్ అడిగారంటే అది క్రెడిట్ కాదు, డెబిట్.

ఇంకో రకం ఉంది. 5 వేలకు బదులు పొరపాటున 50 వేలు పంపాను, మిగతాది వెనక్కి వేయండి అని బతిమాలతారు. బ్యాంకు నుంచి వచ్చినట్టే మెసేజ్ ఉంటుంది, ఖాతాలో మాత్రం డబ్బుండదు. మెసేజ్‌నీ, ఎదుటివారి ఫోన్‌లోని స్క్రీన్‌షాట్‌నీ నమ్మొద్దు. సొంత బ్యాంకు యాప్ తెరిచి చూశాకే తాళం చెవి ఇవ్వాలి. పెద్ద మొత్తం క్యాష్ అయితే బ్యాంకు కౌంటర్ దగ్గరే కలిస్తే, నోట్లు అక్కడే లెక్కపెట్టి జమ చేయొచ్చు.

కలిసే చోటు పగటిపూట, సీసీ కెమెరాలున్న పెట్రోల్ బంకు లాంటిదైతే మంచిది. ఫ్రిజ్ చూడటానికి ఇంటికే రావాలి కాబట్టి ఆ టైంలో ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఉండకుండా చూసుకోవాలి.

బైక్ విషయంలో అసలు చిక్కు డబ్బు చేతికొచ్చాక మొదలవుతుంది. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి, అమ్మినవాళ్లు రియాద్ విమానం ఎక్కేస్తారు. కొన్నవాళ్లు పేరు మార్చుకోరు. చలాన్లన్నీ పాత ఓనర్ పేరు మీదే వస్తాయి. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కూడా ఆర్‌సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్న వ్యక్తి అదే రాష్ట్రంలో ఉంటే, అమ్మిన 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేయడం చట్టప్రకారం అమ్మినవారి పనే. ఫ్లైట్ దగ్గర పడిందని దీన్ని తమ్ముడికో బావమరిదికో వదిలేసి వెళ్లకండి. కొన్నవారి ఆధార్ కాపీ, తేదీ, టైం రాసిన రసీదు ఇంట్లో ఉంచండి.

కొనేవాళ్లకూ జాగ్రత్తలున్నాయి. వస్తువు చూడకుండా టోకెన్ అడ్వాన్స్ వేయొద్దు. ఫోన్ కొంటుంటే *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. కేవైఎం అని రాసి, స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ వేసి 14422కు ఎస్ఎంఎస్ చేయాలి. ఫోన్ బ్లాక్ లిస్టులో ఉందని జవాబొస్తే కొనకండి. బైక్ మీద ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

డబ్బు పోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు కంప్లయింట్ వెళ్తే ఆపే అవకాశం ఉంటుంది. ట్రాన్సాక్షన్ నంబర్, అవతలి ఫోన్ నంబర్, చాట్ ఏవీ డిలీట్ చేయకండి.